నా పేరు కట్టిన తీగలు

పోయిన వారం విశాఖలో మా ఆఫీసుకి కొత్త కేబుల్ పెట్టె వచ్చింది. అట్ట చింపి మూత తీయగానే గుప్పుమని ఒక వాసన. అప్పుడే విప్పిన ప్లాస్టిక్ గాజుల కట్ట వాసనకి కాస్త సుద్దపొడి కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మా దగ్గర పనిచేసే పిల్లలకి అది వాసన కిందే లెక్క కాదు. నేను మాత్రం పెట్టె ముందు గొంతుక్కూర్చుని, ఉండవలసిన దానికన్నా రెండు నిమిషాలు ఎక్కువే ఉండిపోయాను. "ఏం మేడం, సరుకు తక్కువొచ్చిందా?" అని ఒకమ్మాయి అడిగింది. నేను కింద కూర్చుంటే బేరానికే కూర్చుంటానని వాళ్ళ నమ్మకం. ఆ నమ్మకంలో తప్పు లేదు గానీ, ఆ రెండు నిమిషాలూ నేను విశాఖలో లేను. ఖరగ్‌పూర్‌లో, ఇందా రోడ్డు మీద ఒక ఇరుకు గదిలో, రూతక్క పక్కన నేల మీద ఉన్నాను.

రూతక్కని మీరెవరూ చూసి ఉండరు. నా దగ్గర ఫొటో కూడా లేదు. పొట్టి మనిషి. నలభై దాటకుండానే నెరిసిన జుట్టుని బిగించి ముడేసి, ఆ ముడిలో ఒక పెన్సిల్ గుచ్చుకునేది. నిచ్చెన ఎక్కవలసి వస్తే కుచ్చిళ్ళు పైకి దోపుకుని, "కిందోళ్ళు కిందే సూడండి, పైన దేవుడున్నాడు" అని ఒక కేక వేసి ఎక్కేది. వాళ్ళ నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. తాతల నాడే కోస్తా నుంచి వచ్చి ట్రాఫిక్ కాలనీలో స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబం. నాన్న పోయాక తల్లిని చూసుకుంటూ, ఆఫీసుల్లో కంప్యూటర్లని ఒకదానితో ఒకటి కలిపే చిన్న కంపెనీలో పనిచేసేది. తొంభైల చివరి రోజులవి. నాలుగు కంప్యూటర్లు కొన్న ప్రతివాడికీ అవి నాలుగూ మాట్లాడుకోవాలని ముచ్చట. కప్పు పలకలు తోసి లోపల తీగలు లాగే ఆడమనిషి మాత్రం ఊరు మొత్తానికి ఈవిడొక్కతే.

ఇక నా సంగతి. మాది గోల్‌బజార్‌లో దారాలూ రిబ్బన్లూ గాజులూ అమ్మే కొట్టు. నాకు అక్షరాలకన్నా ముందు బేరం వచ్చింది. పరీక్ష ప్యాసైతే నూటొక్క ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకుని, ప్యాసయ్యాక దేవుణ్ణి యాభై ఒకటికి ఒప్పించిన దాన్ని. కంప్యూటర్ డిప్లొమా చేతికొచ్చాక ఆ కంపెనీలో ఉద్యోగానికి వెళ్తే, మాట్లాడింది రూతక్కే.

"పొద్దున్న తొమ్మిదికి రావాల," అంది.

"పదికొస్తానక్కా. సాయంత్రం ఓ గంట ఎక్కువుంతాను."

"తొమ్మిది."

"తొమ్మిదిన్నర. మా నాన్నతో కొట్టు తెరిపించి రావాల కదా."

పెన్సిల్ ముడిలోంచి తీసి నా వైపు చూపించింది. "ఒలే గుంటా, బేరానికొచ్చినావేటి, పనికొచ్చినావేటి?"

"రెంటికీ అక్కా."

ఆవిడ నవ్వింది. "సరే, తొమ్మిదికే రా. అందుకు బదులు ఆదివారం నీకు పని సెప్పను. సాలా?" నేను గెలిచినట్టు ఇంటికి వెళ్ళాను. ఆదివారం ఆఫీసులో అందరికీ సెలవేనని తెలియడానికి వారం పట్టింది. కొట్టులో పుట్టి పెరిగిన నన్ను, ఉన్న సెలవే నాకు అమ్మి మోసం చేసిన మొదటి మనిషి ఆవిడ. ఆ రోజే ఆవిడ మీద గౌరవం కలిగింది.

మా పనికి గుండెకాయ స్విచ్. దీపాలు వేసే స్విచ్ కాదు. రెండు డజన్ల కన్నాలున్న చదునైన ఇనప పెట్టె. ఒక్కో కంప్యూటర్ నుంచి ఒక్కో తీగ వచ్చి ఒక్కో కన్నంలో చేరుతుంది. ఆ కన్నాన్ని పోర్టు అంటాం. లోపల జరిగేది నాకు ఏ పుస్తకంలోనూ అర్థం కాలేదు. రూతక్క ఒక్క పూటలో చెప్పేసింది.

"పార్సిలాఫీసు సూసినావు కదా. ఇక్కడ మూట తూసి సీటీ మీద బరువు రాస్తారు. దిగిన సోట మళ్ళీ తూస్తారు. తేడా వస్తే?"

"గొడవైపోద్ది."

"ఇక్కడ గొడవుండదు. అదే కష్టం. తేడా వచ్చిన మూటని ఈ పెట్టి సప్పుడు సెయ్యకుండా పారేస్తాది. పంపినోడు సూసి సూసి ఇంకోటి పంపుతాడు. అదీ పారేస్తాది. కుర్సీలో కూకున్న బాబుకి ఇయ్యేటీ తెలవు, 'స్లో' అంటాడు, అంతే." ఆవిడ పెట్టె మీద చెయ్యి వేసింది, గేదెని నిమిరినట్టు. "అయితే దీని బుద్ధి మంచిది. పారేసినప్పుడల్లా ఏ కన్నంలో పారేసిందో ఒక గీత గీసుకుంతాది. ఆ గీతలు సదవడవే మన పని."

ఆ చదవడానికి ఆవిడ పద్ధతి ఒకటుండేది. స్విచ్‌కి పాత కంప్యూటర్ ఒకటి తగిలించి, తెర మీద ఆ లెక్కలన్నీ తుడిచి సున్నా చేసి, అరగంట దేన్నీ ముట్టుకోకుండా కూర్చునేది. అరగంటయ్యాక ఏ పోర్టులో ఎన్ని పోయాయో రాసుకునేది. మరో అరగంట. మళ్ళీ రాసుకునేది. ఆ కూర్చోవడం నాకు నరకం. కొట్టులో గిరాకీ ఎదురుగా ఉండగా ఖాళీ చేతులతో కూర్చోకూడదని మా నాన్న నేర్పాడు. ఏమీ లేకపోతే ఉన్న డబ్బానే తీసి తుడవమనేవాడు.

అందుకే తాల్‌బగీచాలో ఒక విత్తనాల ఆఫీసుకి నన్ను ఒంటరిగా ముందు పంపితే, ఆవిడ వచ్చేలోపే పని తేల్చేశాను. మేనేజర్ కంప్యూటర్ నత్తలా ఉందంటే దాని తీగ మార్చాను, స్విచ్‌లో కన్నం మార్చాను, కంప్యూటర్ లోపలి కార్డు మార్చాను. జబ్బు పోయింది. మేనేజర్ రసగుల్లా తెప్పించాడు. అది నోట్లో ఉండగా రూతక్క వచ్చింది.

"ఏటయ్యింది?"

"బాగయ్యిందక్కా."

"అది అడగలేదు. ఏటయ్యింది?"

నేను రసగుల్లా మింగాను. మూడూ వెనక్కి పెట్టమంది. జబ్బు తిరిగొచ్చింది. బాగైంది మళ్ళీ ఎందుకు పాడైందని మేనేజర్ లబలబలాడాడు: "దీదీ, ఠీక్ హో గయా థా! ఫిర్ సే ఖరాబ్ క్యోఁ?" ఆవిడ ఆయనకి కూడా ఒక రసగుల్లా ఇచ్చి కూర్చోబెట్టి, నా చేత ఒక్కొక్కటే మార్పించింది. కార్డు మారిస్తే తేడా లేదు. కన్నం మారిస్తే తేడా లేదు. తీగ మారిస్తే పోయింది. అప్పుడు ఆ తీగ వెంట పాక్కుంటూ వెళ్ళి, ఇనప బీరువా కాలి కింద అది నలిగిపోయి ఉండడం చూపించింది. "రేపు ఊడ్చే మనిషి నీ కొత్త తీగనీ దీని కిందకే తోస్తాది. అప్పుడు మళ్ళీ మూడూ మారుస్తావేటి?" అని, నా గడ్డానికంటిన పాకాన్ని తన కొంగుతోనే తుడిచింది. తిట్లు చాలామంది దగ్గర తిన్నాను. మూతి తుడుస్తూ తిట్టిన మనిషి ఇంకొకరు తగల్లేదు.

ఆవిడకి ఇంకో నియమం ఉండేది. తీగ చివర్న పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ మూతిలోకి ఎనిమిది సన్నని రంగు తీగలు వరసగా దూర్చి, పటకారు లాంటి దానితో నొక్కాలి. ఎవరు నొక్కితే వాళ్ళ పేరు అట్టముక్క మీద రాసి తీగ రెండు చివర్లా దారంతో కట్టాలి. "మా నాన్న బిగించిన బోల్టు మీద సుద్దతో గుర్తెట్టీవోడు. బండి ఊరు దాటినాక కూడా బోల్టు ఎవులిదో బోల్టుకి తెలవాల," అనేది. దారం మా కొట్టు నుంచే తెచ్చేదాన్ని. చూడముచ్చటగా ఉండాలని ఎరుపు రంగు ఎంచాను.

చూడముచ్చటే నా కొంప ముంచింది. ఆ ఎనిమిది తీగలూ నాలుగు జంటలు. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగులు. ఒక్కో నిండు రంగుకీ తెల్లచారల తోడు ఒకటి, రెండూ మెలిపెట్టి ఉంటాయి. మూతిలో దూర్చేటప్పుడు వరస మాత్రం వికారంగా ఉంటుంది: ఆకుపచ్చ జంటని విడదీసి, మధ్యలో నీలం జంటని కూర్చోబెట్టాలి. రిబ్బన్ల కొట్టు పిల్లకి అది కంటిలో నలక. ఏ రంగు పక్కన దాని తోడుని పెట్టి సర్దితే ఎంత అందం! "రెండు సివర్లా ఒకేలాగుంటే సాలు కదక్కా?" అని ఒకసారి అడిగాను. "సెప్పిన వరసలో పెట్టు," అంది, ఇంకేదో పనిలో ఉండి. నేను నా వరసలో పెట్టాను. తీగ రెండు చివర్లూ దూర్చి చూసే పరీక్ష పెట్టెలో ఎనిమిది దీపాలూ బుద్ధిగా వెలిగాయి. నెలల తరబడి ఏ గిరాకీ నుంచీ మాట రాలేదు. ఆవిడ తనిఖీకి తీసుకున్నా దీపాలే చూసేది. నా సర్దుడు మీద ఆవిడకి అంత నమ్మకం.

అప్పుడు ఇందాలో ఒక రక్తపరీక్షల కేంద్రం పని వచ్చింది. పాత పెట్టె తీసేసి, పదింతల వేగం ఉన్న కొత్త స్విచ్ పెట్టించాలని పట్టుబట్టింది రూతక్కే. మా యజమానిని అందరం బొడ్‌దా అనేవాళ్ళం, పెద్దన్నయ్య అని. చెడ్డవాడు కాదు. కానీ ఆడది నిచ్చెనెక్కడం ఆయనకి మొదటి నుంచీ గిట్టదు. ఆ నిచ్చెన పనికి తన మేనల్లుణ్ణి పెట్టాలని చూస్తున్నాడు. ఆఫీసులో అందరి ముందూ చెప్పేశాడు: "దేఖో రూత్, యే నహీఁ చలా తో తుమ్ ఫోన్ పే బైఠోగీ." ఈ పని పాడైతే ఇక మీదట కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తుకోవాలి. "ఠీక్ హై దాదా," అంది ఆవిడ. నిచ్చెన లేని రూతక్కని నేను ఊహించుకోలేకపోయాను. ఆవిడ ముడిలోంచి పెన్సిల్ తీసి, మళ్ళీ అక్కడే గుచ్చుకుంది.

ఇరవై ఒక్క తీగలు వేశాం. మూడు ఆవిడ నొక్కింది, పద్దెనిమిది నేను. మొదటి రోజు నుంచే గొడవ. మేడ మీద యంత్రం నుంచి రిపోర్టు కింద కౌంటర్‌కి దిగేలోపు జనం మూడుసార్లు లేచి అడుగుతున్నారు. బొడ్‌దా సోమవారం వస్తానన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం రూతక్క లెక్కలు సున్నా చేసి అరగంట కూర్చుంది. తర్వాత నన్ను స్విచ్ ముందు నిలబెట్టి, తాను తెర దగ్గర పెన్సిల్ పట్టుకుంది.

"నేను పోర్టు సెప్తాను, ఎన్ని పోయినాయో సెప్తాను. నువ్వు ఆ తీగకున్న అట్ట సదువు. ఒకటి. నాలుగొందలు."

"పార్వతి," అన్నాను. నా పేరే.

"రెండు. తొమ్మిదొందలు."

"పార్వతి."

"మూడు. సున్నా."

"రూత్."

"నాలుగు. వెయ్యి దాటినాయి."

"పార్వతి." అయిదుకీ నేనే. ఆరుకీ నేనే. ఏడు సున్నా, రూత్. దూరపు గదుల నుంచి వచ్చే తీగలకి ఎక్కువ, దగ్గరి వాటికి తక్కువ, కానీ నా పేరున్న ప్రతి దానికీ ఎంతో కొంత. పదకొండు దగ్గర ఆగిపోయాను. "సదువు," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. ఇరవై ఒకటి దాకా చదివించింది.

తర్వాత నా తీగ ఒకటి, తనది ఒకటి పీకి కిటికీ వెలుగుకి పట్టుకుంది. పారదర్శకమైన మూతిలో నా రంగులు రిబ్బన్ల బీరువాలా మెరుస్తున్నాయి. ఆవిడవి వికారంగా ఉన్నాయి. రెండూ చూసి, "ఎంత బాగా సర్దినావే," అంది. ఆ మాట తిట్టయి ఉంటే బతికిపోయేదాన్ని. "సూడు. ఒక మాట మొయ్యడానికి రెండు తీగలు గావాల. ఈ మూతిలో మూడో గాడిలోదీ ఆరో గాడిలోదీ కలిసి ఒకే మాట మోస్తాయి. మెలేసుకుని నడిస్తేనే పక్కోడి గోల వాటికెక్కదు. నువ్వు మూడుకి పచ్చ జంటలోది, ఆరుకి నీలం జంటలోది ఇచ్చినావు. ఇద్దరూ ఎరగనోళ్ళు. దీపం ఎలుగుతాది. పాత పెట్టిల్లో మెల్లిగా పోయినన్నాల్లూ బండి నడిసిపోయింది. జోరు పెంచితే మూట పాడైపోతాది."

నాకు ఏడుపు వచ్చింది. దాన్ని మింగి నాకు తెలిసిన విద్యే మొదలుపెట్టాను. "అక్కా, బొడ్‌దా వచ్చేలోపు అన్నీ కోసేసి మళ్ళీ నొక్కేద్దాం. స్విచ్‌లో ఏదో సెట్టింగ్ మార్చినావని సెప్పు. నీకూ పేరు, నాకూ ఇబ్బంది ఉండదు."

"లేని సెట్టింగ్ మార్చినానని సెప్తే, రేపొచ్చినోడు దానికోసం ఎతుకుతాడు." తీగలు నా చేతిలో పెట్టింది. "కోసీ. ఆయన అడిగితే ఏటి సెప్పాలో నీకెరుకే."

ఆ ఆదివారం నాకు అమ్మిన సెలవుని ఆవిడ వెనక్కి తీసుకోలేదు, నేనే వెళ్ళాను. చర్చి అయ్యాక తెల్లచీరతోనే వచ్చి నేల మీద కూర్చుంది. ముప్పై ఆరు చివర్లు. ఒక్కటి కూడా తను నొక్కలేదు. నేను దూర్చిన ప్రతి వరసా వెలుగుకి పట్టి చూసి, "ఊఁ" అనేది. సాయంత్రానికి అన్ని పోర్టులూ సున్నా. నా వేళ్ళు ఉబ్బిపోతే, తన డబ్బాలో చల్లారిపోయిన సేమియా చెంచాతో తినిపించింది. అంత అలసిపోయి అంత హాయిగా ఉన్న సాయంత్రం మళ్ళీ నాకు దొరకలేదు.

సోమవారం బొడ్‌దా వచ్చాడు. రిపోర్టులు చకచకా దిగుతున్నాయి. "క్యా హువా థా?" అని ఏమైందో అడిగాడు.

రూతక్క నా వైపు చూసింది. పెన్సిల్ కూడా ముట్టుకోలేదు. నేను నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది: "కేబుల్ మేఁ గడ్‌బడ్ థా, దాదా." తీగల్లో తేడా. అబద్ధం కాదు. నిజమూ కాదు. ఎవరి తీగలో చెప్పకుండా నిజాన్ని సగానికి తెగ్గొట్టి అమ్మాను. కొట్టులో దాన్ని తెలివి అంటారు.

"కేబుల్ చెక్ కిస్‌నే కియా?" తీగలు తనిఖీ చేసిందెవరని ఆయన ప్రశ్న.

"నేను," అంది రూతక్క, అదే గొంతుతో. తనిఖీ చేసింది ఆవిడే, దీపాలు చూసింది. ఆవిడ చెప్పింది పూర్తి నిజం.

పని చివరికి బాగుపడినా, ఆవిడ తనిఖీలో తప్పు దొరికిందన్న మాట బొడ్‌దాకి చాలింది; మరుసటి రోజు నుంచి ఆవిడ ఫోన్ దగ్గర కూర్చుంది. మేనల్లుడు ఇంకెక్కడో చేరిపోవడంతో నిచ్చెనా సంచీ నాకే వచ్చాయి. నేను బయటి నుంచి ఫోన్ చేస్తే, "ముందు అంకెలు సెప్పు," అనేది. చెప్పేదాన్ని. విని, ఏం చూడాలో చెప్పేది. ఒక్కరోజు ముఖం మాడ్చుకోలేదు. ఆవిడ కళ్ళకి దొరకని గోడల్నీ కప్పుల్నీ నేను వర్ణిస్తుంటే, అవతల ఊపిరి మాత్రం వినబడేది. ఆ ఊపిరి భరించలేక కొన్ని వారాల తర్వాత బొడ్‌దా గదిలోకి వెళ్ళి, పద్దెనిమిది తీగలూ నావేనని, ఆవిడ చెప్పిన వరస నేను తప్పానని మొత్తం చెప్పేశాను. ఆయన టీ తాగుతూ విన్నాడు. "అబ్ క్యా ఫాయ్‌దా? పార్టీ ఖుష్ హై," ఇప్పుడు చెప్పి లాభమేంటి, గిరాకీ సంతోషంగానే ఉన్నాడు అని మళ్ళీ కప్పు ఎత్తుకున్నాడు.

బయటికి వస్తే రూతక్క ఫోన్ పెట్టేసి చూస్తోంది. తలుపు పల్చన.

"సెప్పినావా?"

"సెప్పినానక్కా."

"ఎందుకు సెప్పినావు?"

"నీ నిచ్చెన నీకు తిరిగొస్తాదని."

ఆవిడ నవ్వింది. బాధగా కాదు, మొదటి రోజు నవ్వినట్టే. "అయితే ఇదీ బేరవే. ఏటీ తిరిగి రాదని తెలిసి సెప్పు ఒకరోజు. అప్పుడు సెప్పినట్టు."

ఆ చలికాలంలో తల్లిని తీసుకుని రూర్కెలా వెళ్ళిపోయింది. అక్కడెవరో ఆవిడని నిచ్చెన ఎక్కనిస్తారట. స్టేషన్‌కి వెళ్ళాను. సామాను ఎక్కించడానికి కూలీతో నేను బేరమాడుతుంటే బండి కదిలింది. సరిగా వీడ్కోలు చెప్పలేకపోయాను. చిరునామా అడగాలని బండి ప్లాట్‌ఫాం దాటాక గుర్తొచ్చింది. తర్వాత నేను విశాఖ చేరాను, సొంత కంపెనీ పెట్టుకున్నాను. రూర్కెలా వెళ్ళేవాళ్ళు తగిలితే పొట్టిగా, జుట్టు ముడిలో పెన్సిల్‌తో ఎవరైనా కనిపించారా అని ఇప్పటికీ అడుగుతాను. వాళ్ళు నవ్వుతారు.

నిరుడు ఇక్కడ ఒక పెద్ద గోదాము నెట్‌వర్క్‌లో ప్యాకెట్లు, అంటే రూతక్క చెప్పిన మూటలే, పోతున్నాయన్నారు. మూడు రోజులు లెక్కలు తీస్తే తప్పు నాదే అని తేలింది, నా చేత్తో నేను చేసినదే. అప్పటికే గోదాము వాళ్ళు తమ ఎలక్ట్రీషియన్ని అనుమానించి, అతనితో మాటలు కూడా మానేశారు. నేను నోరు విప్పకపోతే ఆ అనుమానం అలాగే ఉండిపోయేది. పై ఏడాది పని కూడా నాకే దక్కేది. మేనేజర్ "ఏమైంది మేడం?" అన్నాడు. ఎదురుగా నిలబడి, నా పేరుతో మొదలుపెట్టి చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. పని వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. ఎలక్ట్రీషియన్ కూడా నాకు థాంక్స్ చెప్పలేదు, ఎందుకు చెప్పాలి?

మెట్లు దిగుతుంటే పోయిన పని గుర్తు రాలేదు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నొక్కడానికి నంబరు లేదు. అయినా కాసేపు చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. ఏటీ తిరిగి రాదని తెలిసే సెప్పినానక్కా, అందామని.